ఊరగాయ పెట్టిన ముక్క

ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. నా నోట్లోంచి తీసిన ముక్కను నా చేతులతో నేనే ఊరేసి, గుంటూరు దాకా మోసుకెళ్ళిన ఘనకార్యం చెబుతాను. వింటూ మాత్రం మంచినీళ్ళు తాగకండి, పొలమారుతుంది.

నాలుగేళ్ళ కిందట కింది పెదవి లోపల బఠాణీ గింజంత గడ్డ లేచింది. నొప్పి లేదు. నోరు మాత్రం ఎండాకాలపు మిరపకల్లంలా ఎండిపోయేది. పొదిలిలో పళ్ళ డాక్టరమ్మ చిన్న ముక్క కోసి, సీసాలో మందునీళ్ళలో వేసిచ్చింది.

"రేప్పొద్దున గుంటూరు ల్యాబులో ఇవ్వండమ్మా. క్యాన్సరో కాదో ఆ ముక్కే చెప్పాలి."

ఇంటికొచ్చి చూస్తే ఏముంది? మూత వదులై మందునీళ్ళన్నీ సంచిపాలు! మా ఆయన కంగారుపడ్డారు.

"ఒసేయ్, డాక్టరమ్మకు ఫోన్ చేద్దామే!"

"ఎందుకండీ? ముక్క చెడకుండా చూడటం నాకొకరు నేర్పాలా?"

"అది మామిడికాయ కాదే!"

"ముక్క ముక్కేనండీ!"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నారు. నేను పట్టిన జాడీకి అసలు బూజే లేదు! రాళ్ళుప్పు దంచి ఆ సీసాలోనే వేశాను. ముక్క మునిగేలా నువ్వులనూనె పోశాను. రంగు బాగుండాలని మా చేలో పండిన మిరపకారం అరచెంచాడు కలిపాను. ఆవపిండి మాత్రం వెయ్యలేదు. అంత తెలివితక్కువదాన్నా?

మర్నాడు ల్యాబాయన మూత తీసి తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు.

"ఏంటమ్మా ఇది?"

"ముక్కే బాబూ. ఏడాదైనా చెడదు."

"పరీక్షకు పనికిరాదమ్మా! మళ్ళీ కోయించుకు రండి."

తిరుగు బస్సులో మా ఆయన నా చెయ్యి పొదిలి దాకా వదల్లేదు. ఆయనెంత భయపడుతున్నారో నాకప్పుడు తెలిసింది.

రెండో ముక్క బుద్ధిగా మందునీళ్ళలోనే వెళ్ళింది. గుంటూరు పెద్ద డాక్టరుగారు కాగితం చూసి చెప్పారు. "ఉమ్మి ఊరే గ్రంథుల్లో లింఫోమా అమ్మా. క్యాన్సరే, కానీ అరుదైంది, నెమ్మదిగా పెరిగే రకం. దాంతోపాటు అమిలాయిడ్ అని మైనంలాంటిది పేరుకుంది."

"ఆ మైనాన్ని ఎలా కనిపెట్టారండీ?"

"ముక్కకు ఎర్ర రంగు పట్టిస్తాం. ప్రత్యేకమైన వెలుతురులో చూస్తే ఆకుపచ్చగా మెరుస్తుంది."

"మా చేలో పచ్చది ఎర్రబడుతుంది, నా నోట్లో ఎర్రది పచ్చబడిందా! అయినా డాక్టరుగారూ, ఎర్ర రంగే కదా? మొదటి ముక్కకు నేనూ అదే పట్టించా!"

డాక్టరుగారు నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మా ఆయన గోడకేసి తిరిగి కూర్చున్నారు.

జబ్బు ఒంట్లో ఇంకెక్కడా లేదని తేల్చుకుని, గడ్డకు కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. గడ్డ పోయింది. పిలిచినప్పుడల్లా వెళ్ళి చూపించుకొస్తున్నాను.

ఇదిగో, జాడీ మీద చెయ్యేసి ఒట్టు పెడుతున్నాను: ఇకమీదట నా ఒంట్లోంచి ఏ ముక్క తీసినా ఊరగాయ పెట్టను గాక పెట్టను! మీ ఇంట జాడీలు ఏడాది పొడుగునా నిండుగా ఉండాలి తల్లీ. వాటిలో మామిడికాయ ముక్కలే ఉండాలి.