కూర్చున్న బండ

1966 ఎండాకాలం సెలవులకు ముందు మాట. నల్లగొండలో పీయూసీ చదువుతున్నాను. భూకంపంలో రాయి ఎలా జారుతుందో చూడాలని మా ఫిజిక్స్ లెక్చరర్ ఒక ప్రయోగం మొదలుపెట్టారు. మా బాపు చిట్యాల దగ్గర గుట్టలో రాళ్లు కొట్టేవాడు కనుక రాళ్లు తెచ్చే పని నాకే వచ్చింది.

నున్నగా చేసిన పలకరాయి మీద చిన్న దిమ్మె, దాని మీద బరువులు. దిమ్మెకు స్ప్రింగు త్రాసు తగిలించి మెల్లగా లాగేవాళ్లం. స్ప్రింగు సాగేది, దిమ్మె కదిలేది కాదు. ఉన్నట్టుండి ముందుకు దుమికి మళ్లీ ఆగేది. ఒక రాత్రి కదపకుండా ఉంచి లాగితే మరింత బలం పట్టేది, దుముకు కూడా పెద్దదయ్యేది. నమ్మలేక మళ్లీ మళ్లీ చేశాను. మారలేదు.

మా గుట్ట గుర్తొచ్చింది. బాపు కూర్చుని పనిచేసే చోటికి పైన ఏటవాలుగా పెద్ద బండ ఉంది. దాని వెనక పగులుకు అడ్డంగా రోజూ పొద్దున పేడ మెత్తేవాళ్లు. పేడ విడిపోతే బండ కదిలినట్టే, ఆ రోజు ఎవరూ కిందికి దిగరు. చలికాలమంతా విడిపోతూ వచ్చింది. తరువాత ఆగింది. బండ కుదురుగా కూర్చున్నదని అందరూ నిమ్మళపడ్డారు.

సెలవులకు వెళ్లగానే చెప్పాను. "అది కూసోలేదు బాపూ, బిగవట్టుకున్నది. ఎంత ఆగితే గంత పెద్దగ జారుతది."

"ఎప్పుడు జారుతది?"

"గది చెప్పరాదు."

"మరేం సదివినవే?" అని నవ్వాడు. "పిల్లిని జూసి పులి సంగతి జెప్తున్నవ్ బిడ్డా."

మర్నాడు ఆయనకంటే ముందే వెళ్లి ఆ బండ కింద కూర్చున్నాను. నాకు ఇంకేమీ తోచలేదు.

"లే."

"నువ్వు ఈడికి రానంటే లేస్త."

ఎండ నడినెత్తికి వచ్చేదాకా నిలబడి, చివరికి ఉలులు ఏరుకుని రోడ్డు కంకర పనికి మళ్లాడు. అక్కడ కూలి తక్కువ.

ఆ జాగా ఖాళీగా ఉండలేదు. బాపు తమ్ముడు, మా చిన్నాయన, వచ్చి కూర్చున్నాడు. కాళ్లు పట్టుకున్నాను. "నీ కాలేజి మా ఇంట్ల గంజి వోస్తదా?" అన్నాడు.

ఇంటికొచ్చి బాపు ముందు ఏడ్చాను. తెల్లారి ఆయన వెళ్లి తమ్ముడి పక్కన కూర్చున్నాడు. సుత్తె తీసుకుపోలేదు.

"ఏందన్నా గిట్ల?"

"పిల్ల జెప్పింది నేను గూడ నమ్మలే. నువ్వు లేస్తే లేస్త."

చిన్నాయన తిట్టుకుంటూ లేచాడు. ఇద్దరూ కంకరకే పోయారు.

ఆ ఏడు బండ జారలేదు. పై ఏడూ జారలేదు. దుమ్ముకు దగ్గుతూ ఇల్లు చేరిన బాపు, నేను గుట్ట నుంచి వచ్చానని తెలిస్తే, "పడ్డదానే?" అని అడిగేవాడు. లేదనేదాన్ని. సెలవులకు వెళ్లినప్పుడల్లా పగులుకు పేడ మెత్తుతూనే ఉన్నాను, సన్నని బీట కనిపించినా బండ కదిలిందని చెప్పడానికి ఆయన దగ్గరికి పరుగెత్తాలని. కనిపించలేదు.