జనరల్ గారి సంతకం కోసం అల్ ఖోర్‌కి

తొంభైల నడుమ ఒక శుక్రవారం, ఉదయం ఎనిమిదిన్నరకి, దోహాలోని ముషైరిబ్‌లో అల్ ఖోర్ వెళ్ళే షేర్ టాక్సీ ఎక్కాను. మనిషికి పది రియాల్. మా బావమరిది ప్రసాదు గొర్రెలు మోసే ఓడలో ఎలక్ట్రీషియన్. ఆ ఓడని సోమాలియా రేవులో ఒక జనరల్ మనుషులు మూడు వారాలుగా కదలనివ్వడం లేదు. అల్ ఖోర్‌లో అబ్దీ అనే వర్తకుడు ఆ జనరల్‌కి చుట్టమని, ఆయన మాట సాయం చేస్తే పనవుతుందని మా కంపెనీలో ఎవరో చెప్పారు. మూడు రోజులుగా మా ఆవిడ అన్నం ముట్టలేదు.

పక్క సీటులో యూసుఫ్ అనే సోమాలీ పెద్దాయన, చేతిలో చిన్న ట్రాన్సిస్టర్. జనరల్ మాట ఎత్తగానే గొంతు తగ్గించాడు. ఒకప్పుడు మామూలు సైనికాధికారట. అధ్యక్షుణ్ణి తరిమేశాక తన తెగ కుర్రాళ్ళని పోగేసి రేవు పట్టుకున్నాడట. ఇప్పుడు గింజ కూడా ఆయన చెయ్యి దాటి ఊళ్ళోకి పోదట.

“ఆయన సంతకం చూపిస్తే తుపాకీ కిందికి దిగుతుంది భాయ్,” అన్నాడు.

భయపడాల్సింది పోయి నాకు ధైర్యం వచ్చింది.

తొమ్మిదిన్నరకి అల్ ఖోర్ రేవు చేరాను. అబ్దీ తన పడవలోని రేడియోలో చాలాసేపు అరిచాడు. “మాఫీ ముష్కిల్, ఇబ్బందేం లేదు,” అని, నాకు చేపలూ అన్నం పెట్టించాడు. ఆయన కొట్టు గోడ మీద జనరల్ ఫోటో నన్నే చూస్తున్నట్టుంది. మూడింటికి రేడియోలో ప్రసాదు గొంతు వినిపించింది.

“బావా! సంతకం పెట్టిన కాగితం వచ్చేసింది! రేపు వదిలేస్తారంట!”

ఇరవయ్యేళ్ళుగా గుమాస్తాగిరీ చేసిన నా బుద్ధి ఊరుకుంటుందా? “అందరికీ కనపడేలా అతికించండిరా. ఓడ పక్కన ఆయన పేరు పెద్దక్షరాలతో రంగేసి రాయించు,” అన్నాను.

ఐదింటికి తిరుగు టాక్సీలో మళ్ళీ యూసుఫే కలిశాడు. ఊరు దాటామో లేదో ట్రాన్సిస్టర్‌లో సోమాలీ వార్తలు వచ్చాయి. ఆయన ముఖం పాలిపోయింది.

“జనరల్ ఖలాస్. మధ్యాహ్నం సొంత మనుషులే కాల్చేశారు. రేవులోకి అవతలి తెగ వస్తోంది.”

“మరి సంతకం?”

“ఇప్పుడు అది ఉన్నవాణ్ణే ముందు కాలుస్తారు.”

డ్రైవర్‌ని బతిమాలి టాక్సీ వెనక్కి తిప్పించాను. అబ్దీ అప్పటికే ఫోటో తీసేశాడు. గోడకి మేకు మాత్రం ఉంది. ఇరవై నిమిషాలకి గానీ రేడియోలో ఓడ దొరకలేదు.

“కాగితం చింపెయ్! పేరు చెరిపెయ్!” అని అరిచాను.

“కాగితం చింపేశాం బావా. రంగు పోవట్లేదు, తుడుస్తున్నాం. పడవేసుకుని ఎవరో వస్తన్నారు. ఇప్పుడు ఎవరి పేరు రాయాలి బావా?”

అబ్దీ వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. రేడియోలో గరగర తప్ప ఏమీ మిగల్లేదు.

ఆరున్నరకి మళ్ళీ దోహా దారి పట్టాను. వెళ్ళదలచినవాళ్ళకి చెబుతున్నాను, రోడ్డు బాగుంటుంది, గంటలోపు ప్రయాణం. ఓడ సంగతి తెలియలేదని మా ఆవిడకి ఎలాగోలా చెప్పగలను. తన తమ్ముడి ఓడ మీద ఆ పేరు రాయించింది నేనేనని చెప్పే ధైర్యం మాత్రం ఆ గంటసేపూ వెతికినా దొరకలేదు.