నోరున్న రూపాయి

డిజిటల్ రూపాయి నోరు మూయించిన మనిషి దేశం మొత్తం మీద అసిరమ్మ ఒక్కతే. సరే, మూయించలేదు, మూసుకోమని గదమాయించింది. అదైనా సగం హార్బరు విన్నది.

విశాఖ ఫిషింగ్ హార్బరులో తెల్లారకముందే వేలం పాడి చేపలు కొని, ఎండెక్కేలోపు అమ్మేసుకునే మనిషి. భర్త సన్యాసిరాజు బోటు డ్రైవరు. ఓ పెళ్లి భోజనాల దగ్గర తన చెల్లెలు కాంతంతో మాటామాటా పెరిగి, "నా ఇంట్లోంచి దానికి ఒక్క నోటు ఎల్లినా నా మీద ఒట్టే" అనేశాడు. వన్ టౌన్‌లో ఒంటరిగా మిషను కుట్టుకునే కాంతానికి షుగరు మందులు ఎవరు కొనాలి? అందుకని అసిరమ్మ ప్రతి శుక్రవారం ఐదు వందల నోటు కవరులో చుట్టి, వంజరం చేప కడుపులో దూర్చి ఆటోలో పంపేది. ఒకసారి కాంతం చూసుకోక నోటుతో సహా పులుసు పెట్టేసింది.

అప్పుడే బ్యాంకు అమ్మాయి నీలిమ వచ్చి, ఇది అచ్చం నోటులాంటిదేనంటూ అసిరమ్మ ఫోనులో డిజిటల్ రూపాయి ఎక్కించింది. కాంతానికి డబ్బు ఫోనులోంచే వెళ్తూ ఆరు శుక్రవారాలు హాయిగా గడిచాయి. ఆ తర్వాత నీలిమే హార్బరుకొచ్చి ఆ ఫోను తెరిచి చదివింది.

"చూడత్తా, ఎవరికెంత ఇచ్చావో అంతా ఉంది. కాంతం, కాంతం, కాంతం..."

అసిరమ్మకు చదువు రాదు. రోజూ సాయంత్రం ఆ ఫోను చదివిపెట్టేది సన్యాసిరాజే.

"నోటులాంటిదే అన్నావు గదే. నోటు మీద సేప కంపు తప్ప ఇంకేటుంటాది? ఎవులికిచ్చేనో అది సెప్తాదేటి? నోరు మూసుకోమను దాన్ని. ఆ పేర్లు తుడిసెయ్."

"తుడవలేమత్తా. అయినా ఇంత చిన్న మొత్తం ఎవరు చూస్తారు?"

"ఇంకెవులో ఎందుకు, మా ఆయన సాలడా?"

ఆ శుక్రవారం అసిరమ్మ పైసా పంపలేదు. సాయంత్రం సన్యాసిరాజు కళ్లజోడు పెట్టుకుని గ్యాసు మెసేజీ, కరెంటు మెసేజీ చదివి, ఆగాడు.

"ఈవారం కాంతానికి పడనేదేటే?"

బియ్యం చెరుగుతున్న చేట ఆగిపోయింది.

"నీకెప్పట్నించి తెలుసు మావా?"

"మొదటి వారం నుంచీ."

"మరి ఒట్టో?"

"ఒట్టు నోటుకెట్టేను. ఇది నోటేటి? అద్దం మీద అంకె. దాని మందులు అయిపోనుంటాయి, పంపు."

ఇదంతా నిజమేనా అని హార్బరులో అడిగిచూడండి. అసిరమ్మ తల ఎత్తదు, పొలుసు గీస్తూనే చెబుతుంది:

"అంతా అబద్దం. మా ఆయనకి సెల్లెలే నేదు."