మెరీబ్యాంక్‌లో ఉత్తుత్తి విచారణ

ఆ సంఘంలో చేరతావా అని నన్ను ఎవరూ అడగలేదు. మా ఆఫీసు యజమాని ఒక సోమవారం పొద్దున నా బల్ల దగ్గరికి వచ్చి, "బీమా సంఘం విద్యా కమిటీకి నీ పేరు ఇచ్చేశాను. మీ ఇండియావాళ్ళకి చదువంటే ప్రాణం కదా," అన్నాడు. నేను నోరు తెరిచేలోపే కాఫీ కప్పు పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

మేం డర్బన్ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా ఆయనకి చక్కెర మిల్లుల కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం. రెడ్‌హిల్‌లో అద్దె ఇల్లు. విశాఖపట్నంలో నేను అగ్నిప్రమాదాల బీమా క్లెయిములు చూసేదాన్ని. ఇక్కడ ఒక బీమా బ్రోకరు దగ్గర చేరాను. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోయి కొత్త ప్రభుత్వం వచ్చి ఎంతో కాలం కాలేదు. పొద్దున లేస్తే ఏదో ఒక సంస్థ ఇంకో సంస్థతో కలిసిపోతున్న వార్తే. బీమా వృత్తివాళ్ళ సంఘం కూడా అలాగే కలిసింది. అంతకు ముందు అది తెల్ల మేనేజర్ల సంఘం. ఇండియన్ ఏజెంట్లది వేరే కుంపటి. నల్లజాతి ఏజెంట్లకి ఏదీ లేదు. ఇప్పుడు అందరిదీ ఒకటే సంఘం.

కలిసిపోయాం అన్నమాట నిజమే గాని, టీ విరామంలో చూస్తే ఎవరి మూల వాళ్ళదే. నేను ఏ మూల నిలబడాలో తెలియక, కప్పు చేత్తో పట్టుకుని కిటికీలోంచి సముద్రం చూసేదాన్ని.

విద్యా కమిటీ పని నెలకో ఉపన్యాసం ఏర్పాటు చేయడం. నేను వెళ్ళిన మొదటి ఉపన్యాసం ఓడల బీమా మీద. జొహానెస్‌బర్గ్ నుంచి వచ్చిన ఒకాయన పారదర్శక కాగితాలు ప్రొజెక్టరు మీద తలకిందులుగా పెట్టి, గోడవైపు చూడకుండా గంటసేపు చదివాడు. ఒక్కరైనా "అయ్యా, తిరగేసి పెట్టండి" అనలేదు. నేను లేవబోతే పక్కనున్న మనిషి నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. "వద్దు పిల్లా," అంది తెలుగులో. "తిప్పితే మళ్ళీ మొదలు నుంచి చెప్తాడు."

ఆమెకి యాభై అయిదు దాటి ఉంటాయి. డర్బన్ శివార్లలో ఇండియన్లు ఉండే మెరీబ్యాంక్ మనిషి. వాళ్ళ తాతముత్తాతలు చెరుకు తోటల్లో కూలికి కాకినాడ వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆమె చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషులోనే బతికింది. తెలుగు మాత్రం ముక్కలు ముక్కలుగా మిగిలింది, తిట్లయితే చెక్కుచెదరలేదు. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి బీమా అమ్మడం ఆమె వృత్తి. మెరీబ్యాంక్ అంతా ఆమెని ఆంటీ అనేది. నేను "అక్కా" అన్నాను. ఆ ఒక్క పిలుపుకే ఆమె నన్ను తన మనిషిని చేసేసుకుంది.

"షిప్పు, షిప్పు అంటాడు వాడు," అంది బయటికి వచ్చాక. "నా కస్టమర్‌కి షిప్పు ఎక్కడ? పాత బక్కీ ఒకటి, వెనక డబ్బాలు వేసుకునే బండి. దానికీ టైరు లే."

కమిటీలో నేనూ అదే అన్నాను. ఏజెంట్లకి పనికొచ్చేది ఏదైనా నేర్పుదాం అన్నాను. అధ్యక్షుడు పెద్దాయన, తెల్లాయన. ఒక పెద్ద కంపెనీలో క్లెయిముల మేనేజరుగా చేసి రిటైరయ్యారు. నన్ను ఆసాంతం మర్యాదగా విని, "మంచి ఆలోచన. దీని మీద ఒక ఉపసంఘం వేద్దాం," అన్నారు. ఆ ఉపసంఘం అంటే నేనే అని ఇంటికి వెళ్ళాక అర్థమైంది.

నేను ఎంచుకున్నది యావరేజ్ నిబంధన. బీమాలో జనాన్ని అంతగా ఏడిపించేది ఇంకోటి లేదు. ఇల్లు ఎంత చేస్తుందో అందులో సగానికే బీమా కట్టామనుకోండి. గాలివానకి కప్పు ఎగిరిపోతే కంపెనీ కప్పు ఖర్చులో సగమే ఇస్తుంది. మిగతా సగానికి బీమా కట్టనందుకు, ఆ మేరకు నష్టం మనదే. ఇది ఉపన్యాసంగా చెబితే మళ్ళీ నిద్రపోతారు. అందుకని నాటకంలా చేద్దామనుకున్నాను. పోర్ట్ షెప్‌స్టోన్‌లో బట్టల కొట్టు నడుపుకునే ఒకావిడ. కొట్లో నిప్పంటుకుని సరుకు కొంత కాలింది. కంపెనీ సగమే ఇస్తానంది. ఆవిడ ఒప్పుకోదు. ఇద్దరూ మధ్యవర్తి ముందుకి వచ్చి వాదించుకుంటారు. చివర్న మధ్యవర్తి నిబంధన విడమర్చి తీర్పు చెబుతాడు. రాత్రులు కూర్చుని సంభాషణలన్నీ రాశాను.

కొట్టావిడ వేషం అక్కకి, అందుకని కమిటీ సమావేశాలకి ఆమెనీ పిలిచారు. అక్కడిదాకా బాగానే ఉంది. మధ్యవర్తి ఎవరు అన్నదాని మీద రెండు సమావేశాలు నడిచాయి. అధ్యక్షుడు అది తన కుర్చీయే అనుకున్నారు. అందులో ఆయన తప్పేమీ లేదు, జీవితమంతా ఆ కుర్చీల్లోనే కూర్చున్నారు మరి. కమిటీలో ఒక జులూ యువకుడు ఉండేవాడు, అంత్యక్రియల బీమా అమ్మేవాడు. ఎప్పుడూ నోరు విప్పనివాడు ఆ రోజు మెల్లగా అన్నాడు:

"ఈసారి ఆ కుర్చీలో నేను కూర్చుంటాను."

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"కూర్చోనీ," అంది అక్క తెలుగులో. తర్వాత అందరికీ ఇంగ్లీషులో చెప్పింది. "కుర్రాడి గొంతు బాగుంది. మీరు కంపెనీ వైపు ఉండండి సార్. మీకు అలవాటే కదా."

రెండో గొడవ ఎక్కడ పెట్టాలన్నది. ఎప్పుడూ సభలు జరిగే క్లబ్బులో వద్దు, మెరీబ్యాంక్‌లో పెడదాం అంది అక్క. పార్కింగు ఎలా అని ఒకరు, దారి తెలీదని ఇంకొకరు. దారి తెలీకపోవడం ఏమిటి? విమానాశ్రయానికి వెళ్ళే ప్రతివాడూ ఆ ఊరి పక్కనుంచే పోతాడు. నాకు ఒళ్ళు మండింది. మొత్తానికి ఒప్పుకున్నారు.

ఆ శనివారం గాలి ఊరి పక్కనున్న చమురు రిఫైనరీల వైపు నుంచి వీచింది. వాసన లోపలికి రాకుండా హాలు కిటికీలన్నీ మూసేశారు. లోపల ఆవిరి. వృత్తివాళ్ళ కోసం పెట్టిన సభకి అక్క ఊరంతటినీ పిలిచింది. ఆమె కస్టమర్లు, వాళ్ళ అత్తలు, పక్కింటివాళ్ళు, గిన్నెల నిండా పులిహోర, బిర్యానీ. సంఘంవాళ్ళు వెనక వరసల్లో ఇరుక్కుని కూర్చున్నారు. "ఇది సభ్యుల కోసం కదా," అన్నారు అధ్యక్షుడు నా చెవి దగ్గర. ఇప్పుడు నేనేం చెయ్యను? గిన్నెలతో వచ్చిన వాళ్ళని వెనక్కి పంపనా?

మొదటి పది మాటలు నేను రాసినట్టే నడిచాయి. తర్వాత అక్క కాగితం మడిచి పక్కన పెట్టింది. నిప్పు అంటుకున్న రోజు ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టింది. కాలిన చీరల వాసన చెప్పింది, షట్టరు పట్టుకుంటే చేతికి అంటుకున్న మంట చెప్పింది. ఏడ్చింది. ముందు వరసలో ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా కళ్ళు తుడుచుకున్నారు. నేను వేదిక పక్కనుంచి చేత్తో సైగ చేశాను, నిబంధనకి రా తల్లీ అని. చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

"నెలనెలా కట్టినా నేను," అంది అధ్యక్షుడి వైపు తిరిగి. "సగమే తీసుకుంటాం, మిగతా సగం వద్దమ్మా అని ఒక్క నెలైనా అన్నారా మీరు?"

జనం చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు గొంతు సవరించుకుని తన వంతు మొదలుపెట్టారు. అప్పుడే మూడో వరసలో ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. బట్టతల, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా.

"నా ఇంటి కప్పు సంగతి చెప్పండి," అన్నాడు. "గాలివానకి పోయింది. మీ కంపెనీ సగం ఇచ్చింది. సంతకం మీదే."

ఇది నాటకం, మీ ప్రశ్నలు చివర్న అడగండి అని నేను అనబోయాను. ఎవరు వింటారు! అధ్యక్షుడు అది నాటకమని మర్చిపోయారు. నిటారుగా నిలబడి, పాత మేనేజరు గొంతుతో జవాబు చెప్పడం మొదలుపెట్టారు. ఇంటి విలువ పెరిగింది, బీమా పెరగలేదు, నిబంధన పాలసీలో ఉంది. ప్రతి మాటా నిజమే. అయినా ఒక్కరికీ ఎక్కలేదు.

మధ్యవర్తి కుర్చీలో ఉన్న యువకుడు చెయ్యెత్తాడు. హాలు సద్దుమణిగింది. నేను రాసిన తీర్పు అతని ముందే ఉంది. దాన్ని చూడకుండా అడిగాడు:

"పాలసీ అమ్మిన ఏజెంటు ఎవరు? విలువ పెరిగితే బీమా పెంచుకోవాలని వాళ్ళు చెప్పలేదా?"

ఆ ప్రశ్న నేను రాయలేదు. ముసలాయన వేలు చూపించాడు. వేషంలో ఉన్న అక్కని.

"ఈమే అమ్మింది," అన్నాడు.

హాల్లో ఉన్న సగంమంది పాలసీలు ఆమె అమ్మినవే. అక్క తల మీద వేషానికి కట్టిన గుడ్డ మెల్లగా విప్పి భుజాన వేసుకుంది.

"అవును, నేనే అమ్మినా," అంది. "చెప్పలే. నాకు ఎవరు చెప్పినారు? మీ లెక్చర్లకి అప్పుడు మమ్మల్ని రానిచ్చినారా? ఇది అమ్ము, అది అమ్ము అన్నారు. ఎక్కువ అమ్మితే పెన్ను ఇచ్చినారు. ఆ పెన్నులు ఇంట్లో ఉన్నాయి, కావాలంటే తెస్తా." ఈ ముక్కలు తెలుగు, ఇంగ్లీషు కలగలిపి వచ్చాయి. హాల్లో చాలామందికి తెలుగు రాదు. అయినా అందరికీ అర్థమైంది.

అధ్యక్షుడు, "అది పాలసీలోనే రాసి..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. తర్వాత, "లేదు. రానివ్వలేదు," అన్నారు. అంతే.

అందరూ మధ్యవర్తి వైపు చూశారు. నేనూ చూశాను. ఇప్పుడైనా తీర్పు చదువు నాయనా, నిబంధన ఒక్కసారి చెప్పు, పడ్డ పాటంతా దానికోసమే కదా అని మనసులో దణ్ణం పెట్టుకున్నాను. అతను తీర్పు కాగితం మడిచి, "భోజనం తర్వాత చూద్దాం," అన్నాడు.

భోజనం తర్వాత ఎవరూ తిరిగి కూర్చోలేదు. ఎలా కూర్చుంటారు, గిన్నెలు తెరిచాక? ఆ రోజు మాత్రం తిండి దగ్గర మూలలు లేవు. పళ్ళాలు చాలక ఇద్దరేసి ఒక పళ్ళెంలో తిన్నారు. ఆ సంతోషం నాకు పట్టలేదు. ఇంటికి వెళ్ళే ముందు ప్రతివాడూ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంత మంచి కార్యక్రమం సంఘం చరిత్రలో లేదన్నారు. యావరేజ్ అంటే ఏమిటో చెప్పండి అని ఒకాయన్ని ఆపి అడిగాను. "బిర్యానీ అద్భుతం," అన్నాడు నవ్వుతూ. కారెక్కాక మా ఆయన దగ్గర నేను అరిచిన అరుపులు రెడ్‌హిల్ చేరేదాకా ఆగలేదు.

రెండు రోజులకి అక్క ఫోను చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"పిల్లా, ఆ నిబంధన నాకు సరిగా నేర్పు. శనివారం నాతో ఇంటింటికీ రా. నువ్వు లెక్క చెప్పు, నేను మాట్లాడు."

వెళ్ళక తప్పలేదు. మా శనివారాలు వంటిళ్ళలో గడిచాయి. ఒక ముద్ద అన్నంతో ఇద్దరు పిల్లల కడుపు నిండదని అక్క చెప్పేది, ఇల్లూ బీమా సంగతి కూడా అంతేనని నేను అందుకునేదాన్ని. కొందరు ఒప్పుకుని బీమా పెంచుకున్నారు. చాలామంది మా ముఖాలు అనుమానంగా చూశారు. "మళ్ళీ ఎక్కువ కట్టించడానికి వచ్చావు కదా ఆంటీ?" అన్నారు. అన్నేళ్ళు నమ్మినవాళ్ళే. అక్క ఆ ఇళ్ళనుంచి బయటికి వచ్చి, గేటు వేసి, "సచ్చినోళ్ళు," అని నోరారా తిట్టి, పక్కింటి గేటు తీసేది.

ముసలాయన ఇంటికి వెళితే మమ్మల్ని లోపలికి పిలవలేదు. గేటుకి అవతల నిలబడి అంతా విన్నాడు. అక్క మొదటిసారి ఏ డొంకతిరుగుడూ లేకుండా, "నీకు చెప్పవలసింది, చెప్పలే. నాకు తెలీక," అంది. ఆయన తల ఊపాడు. ఆ ఊపులో ఏముందో నాకు తెలియలేదు. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

కమిటీలో ఈలోగా ఇంకో తీర్మానం అయింది. ఉత్తుత్తి విచారణ ప్రతి ఏడూ జరపాలి, బాధ్యత నాదే. ఈసారి తీర్పు ఉంటుందా అని అడిగాను. అది మధ్యవర్తి ఇష్టం అన్నారు. అధ్యక్షుడు మాత్రం, ఎవరూ అడక్కుండానే, ఏజెంట్లకి నెలకోసారి మెరీబ్యాంక్‌లో పాఠం చెబుతానన్నారు. చెప్పారు కూడా. ఏకధాటిగా, ఎవరి ముఖమూ చూడకుండా. అక్క ప్రతి పాఠానికీ వెళ్ళి, రెండో వరసలో కూర్చుని, సగంలో నిద్రపోయేది. లేచాక నాకు ఫోను చేసి అడిగేది. అంతకన్నా ఆ సంఘానికి నావల్ల ఒరిగిందేమిటో నాకిప్పటికీ తెలీదు.

చలికాలం వచ్చాక ఒక సంగతి తెలిసింది. ముసలాయన బీమా పెంచుకున్నాడట, అక్క దగ్గర కాదు, వీధి చివర ఉండే వేరే ఏజెంటు దగ్గర. అక్క ఆ వారమంతా ఆయన్ని తిట్టింది. ఆయన ఏడు తరాలనీ, ఆ ఏజెంటునీ, మధ్యలో నన్నూ. తిట్లన్నీ అయిపోయాక ఫోనులో గొంతు తగ్గించింది.

"ఎంతకి పెంచినాడో కనుక్కో పిల్లా," అంది. "ఇంటికి సరిపోయేంత పెంచినాడా లేదా?"

కనుక్కున్నాను. సరిపోయేంతే పెంచాడు.