పద్నాలుగో పాఠం

"గ్లాసులో నీళ్ళు కనిపించడం లేదు. ఏం చేస్తావమ్మా?" అని పరీక్షాధికారి అడిగాడు. బాయిలర్‌లో నీటి మట్టాన్ని బయటికి చూపించే గాజుగొట్టాన్ని ఆ పనివాళ్ళు గ్లాసు అంటారు.

"వెంటనే పంపు వేసి నీళ్ళు ఎక్కిస్తానండీ." ఆమె తడుముకోలేదు.

ఆయన కలం కింద పెట్టాడు. "ఎక్కిస్తే నువ్వూ ఉండవు, ఆ గోడలూ ఉండవు. ముందు మంట ఆపాలి. ఎండిపోయి కాలుతున్న ఇనుము మీద నీళ్ళు పడితే పేలిపోతుంది. ఎవరు నేర్పారు నీకు?"

అలా బాయిలర్ ఆపరేటర్ సర్టిఫికెట్ చేతికి రాకుండా పోయింది. మళ్ళీ ఏడాదికి గాని పరీక్ష లేదు.

పదహారేళ్ళుగా ఆసుపత్రి నేలమాళిగలోని లాండ్రీలో తడి దుప్పట్లు లాగుతోంది. రెండు మణికట్లూ వాచిపోయాయి. చదువు తొమ్మిదితో ఆగింది. బాయిలర్ గురించిన పుస్తకాలు ఆమెకు రాని భాషలో ఉండేవి. రిటైరైన ఇంజనీరొకాయన ముప్పై పాఠాలు వాడుక మాటల్లో చెప్పి, ఎవరైనా ఊరికే చూసుకోమని నెట్‌లో పెట్టాడు. ఆ పాఠాలే లేకపోతే ఆమె పరీక్ష గది గుమ్మం ఎక్కేదే కాదు.

నేలమాళిగలో సిగ్నల్ అందదు. ఎవరో ఒకరు పాఠాలు దించుకొస్తారు, మిగతావాళ్ళు ఫోన్ మెమరీ కార్డులోంచి కార్డులోకి ఎక్కించుకుంటారు. అక్కడి ఆనవాయితీ అది. ఆమెకు కార్డు ఇచ్చింది మరిది. అతను అవే పాఠాలు విని రెండేళ్ళ కిందట పాసై, అదే లాండ్రీకి ఆవిరి పంపే బాయిలర్ నడుపుతున్నాడు. ఆమె ఉతకాల్సిన మూటల మీద కూర్చుని ముప్పై పాఠాలూ కంఠతా పట్టింది.

పరీక్ష నుంచి బయటికొచ్చి, బస్టాపులో నిలబడి, గ్లాసు గురించి చెప్పిన పద్నాలుగో పాఠం మొదటిసారి నెట్‌లో తెరిచింది. ఇంజనీరు మాస్టారి గొంతు అదే, మాట వేరు. మంట ఆపమంటున్నాడు. కింద ఆయనే రాశాడు: "మొదట పెట్టిన వీడియోలో తప్పు చెప్పాను. ఎవరో చూసి చెప్పారు. మూడు రోజుల్లో సరిదిద్దాను. పాతది మీ దగ్గరుంటే దయచేసి తీసెయ్యండి." తేదీ చూస్తే మూడేళ్ళ కిందటిది. ఆ మూడు రోజుల్లో ఎవరో దించుకున్న పాత పాఠమే కార్డుల్లోకి దిగింది గాని, తర్వాత పాఠం కింద రాసిన మాటలు దిగలేదు.

ఇంటికి పోకుండా నేరుగా లాండ్రీ పక్కనున్న బాయిలర్ గదికి వెళ్ళింది.

"ఏం వదినా, ఉత్త చేతులతో వచ్చావ్? స్వీట్లేవీ?"

"పోయిందయ్యా. పద్నాలుగో పాఠం తప్పట."

"అయ్యో వదినా, పోతే పోయింది, మాస్టారి మీద తోస్తావేంటి?" గోడకున్న సర్టిఫికెట్ చూపించాడు. "పాసైనవాడికి ఫెయిలైనవాళ్ళు పాఠం చెప్పడం ఇక్కడే చూస్తున్నా."

"నిన్ను గ్లాసు సంగతి అడిగారా?"

"పొగ గురించి అడిగారు. మంట రంగు అడిగారు."

"అదీ సంగతి."

ఫోన్‌లో చూపిద్దామంటే సిగ్నల్ లేదు. బాయిలర్ వెలుగుతుండగా అతను కదలకూడదు. మధ్యాహ్నం డ్యూటీ మారేదాకా ఆమె ఓ బల్ల మీద కూర్చుని గ్లాసునే చూస్తూ ఉంది. రెండో షిఫ్టు ఆపరేటర్ రాగానే మరిదిని మెట్లు ఎక్కించింది.

అతను వీడియో రెండుసార్లు చూశాడు. మూడోసారి మధ్యలో ఆపేశాడు.

"పోయిన చలికాలం ఓసారి గ్లాసు ఖాళీ అయింది వదినా. పంపు వేశాను."

"మరి?"

"ఏమీ కాలేదు. అడుగున ఇంకా కాసిని నీళ్ళున్నట్టున్నాయి." గోడకు ఆనుకున్నాడు. "గోడకవతల మీరందరూ దుప్పట్లు మడతలు పెడుతున్నారు. మర్నాడు నీతో గొప్పగా చెప్పాను కూడా, మాస్టారు చెప్పినట్టే చేశానని."

ఆమెకు గుర్తుంది. ఆ రోజు మెచ్చుకుంది కూడా.

"ఆ కార్డు ఇంకెవరికిచ్చావ్?"

అతను లెక్కపెట్టడానికి వేళ్ళు మడవబోయాడు. మొదటి వేలు దగ్గరే ఆగి మెట్లకేసి చూశాడు. "కింద ఇప్పుడు డ్యూటీ ఎక్కినవాడు..." అంటూనే దిగాడు. వెనకాలే ఆమె.

ఆ ఆపరేటర్ నవ్వలేదు, వాదించలేదు. విన్నాడు, గ్లాసు చూశాడు, కుర్చీ దానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

మిగిలినవాళ్ళు ఏడుగురు. పాసై తలో ఊళ్ళో మిల్లుల్లో, పాల కేంద్రాల్లో బాయిలర్లు నడుపుతున్నారు. మళ్ళీ పైకొచ్చి మరిది ఫోన్లు చేస్తుంటే ఆమె పక్కన కూర్చుంది. నలుగురు విన్నారు. ఒకడు, "ఫెయిలైన మీ వదిన చెప్పిందా?" అని నవ్వి పెట్టేశాడు. రెండు నంబర్లు స్విచ్ఛాఫ్‌లో ఉన్నాయి. ఆ ఇద్దరూ ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నారో మరిదికి తెలియదు.

మర్నాడు ఆమె మళ్ళీ తడి దుప్పట్ల దగ్గరికే వెళ్ళింది. మధ్యమధ్యలో ఆ రెండు నంబర్లకూ ఫోన్ చేయడానికి మెట్లెక్కి వస్తోంది.