రేకు డబ్బాలో చామంతి

ఈ ఉదయం జగ్గయ్యపేటలో మా డాబా మీద, పూత ఆగిపోయిన స్ట్రాబెరీ మొక్కను కుండీలోంచి లాగాను. మట్టి కనబడకుండా వేళ్ళు చాపలా అల్లుకుపోయాయి. ఆ తడి వాసనకు నందిగామలో నేను పెంచిన చామంతి గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. రేకు డబ్బాలోని ఆ మొక్కకు బియ్యం కడిగిన నీళ్ళు పూటకో చెంబు లెక్కగా పోసేదాన్ని. నీళ్ళన్నీ అడుగునుంచి కారిపోయేవి. ఆకులు వాడిపోతూనే ఉండేవి.

"ఎంత పోసినా చాలదా నీకు?" అని ఒకరోజు డబ్బాను తన్నాను.

అమ్మ వచ్చి డబ్బా బోర్లించింది. వేళ్ళ ముద్దను కత్తిపీట మీద కూరలా తరిగేసింది.

"చంపేశావమ్మా!" అని ఏడ్చాను.

"నోర్ముయ్యవే. దానికి దాహం కాదు, ఇరుకు."

పెద్ద కుండీలోకి మార్చాక అది చిగురేసింది, పూసింది.

ఇప్పుడు కత్తిపీట ముందు కూర్చున్నాను. తరగాలని తెలిసినా వేళ్ళ ముద్దను కత్తి దాకా తెచ్చి ఆపేశాను. ఆనాడు అమ్మ చెయ్యి ఒక్క క్షణమైనా ఆగిందో లేదో నేను చూడలేదు. కత్తినే చూశాను.