తిరిగి చేతికిచ్చిన బిడ్డ

ఆంప్లిఫయరు స్విచ్చి వేయగానే లోపలి దుమ్ము వేడెక్కి కమురు వాసన వచ్చింది. మడివాళ సంత వెనక మేడమీద ఉన్న మా తెలుగు క్రైస్తవ సంఘం హాలులో రేపటి ఆరాధనకు మైకు సరిచూస్తున్నాను. ఈ వాసన తగిలినప్పుడల్లా నాకు దైవసహాయం అయ్యగారు గుర్తొస్తారు. ఆయన మా పాస్టరు. ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయి కొన్నేళ్ళయింది. గోడమీది ఫోటో చూసి సండేస్కూలు పిల్లలు "ఈ తాత ఎవరన్నా?" అని అడుగుతున్నారు. ఆయన ప్రసంగాలను ఎవరూ రికార్డు చేయలేదు. నాకు ఆయన చేసిన మేలు తెలిసినవాళ్ళం మా అమ్మా నేనూ మాత్రమే. అమ్మకు రాయడం రాదు. అందుకే ఈ పని నామీద పడింది.

నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయం చలవే. ఎలక్ట్రానిక్ సిటీలో యుపిఎస్‌లు బాగుచేసే షెడ్డులో పని. సెలవు దొరికితే గ్రంథాలయం. చరిత్రో వైద్యమో మతమో, చేతికి దొరికినదాన్ని ఈ అట్టనుంచి ఆ అట్టదాకా చదివేవాణ్ణి. అది నాకు ఇప్పటికీ గర్వమే. ఈ హాలుకు నన్ను మొదట రప్పించింది కూడా ఈ ఆంప్లిఫయరే. రిపేరుకు పిలిచారు. మూత విప్పుతుంటే అయ్యగారు పక్కన కూర్చుని బొంగురు గొంతుతో అన్నారు: "నా గొంతూ ఈ డబ్బా ఒకే తూరి చెడిపోయినాయప్పా. నాది తన చేతిలో లేదంటాడు డాక్టరు. దీన్నన్నా బతికించు." నవ్వుతూనే అన్నారు గాని, తన బదులు వాక్యం చెప్పే మనిషి కోసం ఆయన చాలాకాలంగా వెతుకుతున్నారని తర్వాత తెలిసింది.

ఆ మనిషి నేనేనని మా అమ్మ నిశ్చయించుకుంది. పసితనంలో నాకు జ్వరం వచ్చి పాలు కూడా పట్టని స్థితిలో, బతికితే దేవుని సేవకు ఇచ్చేస్తానని ఆమె మొక్కుకుంది. నేను బతికాను. ఆ మొక్కు నాతోపాటే పెరిగింది. నాకు జలుబు చేసినా అమ్మ హెచ్చరికలాగే చూసేది. నాకేమో బోధకుడి పిలుపు ఎన్నడూ వినపడలేదు. కాలిపోయిన బోర్డును మళ్ళీ పనిచేయించడంలోనే నా సంతోషం ఉంది. ఒక ఆదివారం ఆమె నంద్యాలనుంచి బస్సు దిగి నేరుగా ఆరాధనకు వచ్చింది. బైబిలు స్కూల్లో నాకు సీటు మాట్లాడి వచ్చింది. చదువు ముగించి అయ్యగారికే సహాయకుడిగా రావాలని ఆమె ఆశ.

ఆరాధన తర్వాత చిత్రాన్నం ప్లేట్లతో ముగ్గురం వెనక బెంచీమీద కూర్చున్నాం. అమ్మ సంగతంతా చెప్పింది. నేను కూడా సిద్ధపడే వచ్చాను. పాత ధర్మశాస్త్రంలో, మొక్కుబడిగా ఇచ్చిన మనిషిని వెల చెల్లించి విడిపించుకోవచ్చని ఒక వ్యాఖ్యానంలో చదివాను. "నా జీతంలోంచి ఆ వెల చెల్లిస్తాను, నన్ను విడిచిపెట్టండి" అన్నాను.

అయ్యగారు ప్లేటు కింద పెట్టేశారు. "బాగా చదివినావప్పా! అమ్మ నిన్ను ఇచ్చేస్తానంటాది, నువ్వు నిన్నే కొనుక్కుంటానంటావు. దేవుడు ఇయ్యడానికి మాత్రం ఎవరూ ఏమీ మిగల్చలేదే!"

అమ్మ నవ్వలేదు. "మాట తప్పితే వీనికేమన్నా అయితాదేమో అయ్యా! ఆ బయంతోనే బతుకుతాండా."

"బిడ్డను బతికించినోడు మళ్ళా వసూలుకు వస్తాడా తల్లీ? ఇయ్యాల్సిందేదో ఆయనే ఇచ్చినాడు, తన కొడుకునే. నీ కొడుకును అడగలేదు." బొంగురు గొంతు సవరించుకున్నారు. "వీణ్ణి పసిబిడ్డప్పుడు దేవునికి ప్రతిష్ఠ చేసినారు గదా, ఆ పొద్దు మీ పాస్టరు ఏం చేసినాడు?"

"బిడ్డను నా చేతుల్లోనించి తీసుకున్యాడు. పైకెత్తి ప్రార్థన చేసినాడు."

"ఆమీట?"

అమ్మ తన రెండు చేతులకేసి చూసుకుంది. "మళ్ళా నాకే ఇచ్చినాడు."

"ఇచ్చేసినాడు గదా! ఇంగేముండాది?" అని అయ్యగారు నా చెయ్యి పట్టుకుని లేపి, అమ్మ చేతిలో పెట్టారు. "నీకు ఆ పొద్దు తెలీలేదు. ఇదో, ఇంకోతూరి ఇస్తాండా. తీసుకో."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఇప్పుడు ఎత్తుకోలేనయ్యా, బరువు" అంది. అప్పుడు నవ్వింది, ఏడ్చింది కూడా.

నేను సహాయకుడిగా వస్తే అందరికంటే ఎక్కువ మేలు పొందేది అయ్యగారే. ఆ మేలును ఆయన చిత్రాన్నం ప్లేటు కింద పెట్టినంత తేలిగ్గా వదులుకున్నారు. మెట్లు దిగుతూ "మరి మీకెవరు సాయం?" అని అడిగాను. "సాయం కావాలప్పా. కానీ కట్టేసి తెచ్చిన మనిషి వద్దు" అన్నారు. కృప గురించి గ్రంథాలయంలో నేను చదివిన పుటలన్నీ నిజమే. అవి నాకు అర్థమైంది మాత్రం ఆ మెట్లమీదే. మరుసటి ఆదివారం ఎవరూ పిలవకుండానే ముందుగా వచ్చి మైకు పెట్టాను. ఆయన గొంతు పూర్తిగా పోయాక పక్కన నిలబడి, ఆయన వేలితో చూపిన వాక్యాన్ని చదివాను. ఆయన ఎప్పుడూ అడగలేదు. నేనూ ఎప్పుడూ మానలేదు.

ఈ నాలుగు మాటలు రాయడానికి తోడ్పడినవాళ్ళున్నారు. మరచిపోయిన సంగతులు అందించిన అమ్మ మార్తమ్మకు, ఫోటో వెతికి ఇచ్చిన అయ్యగారి భార్య సుగుణమ్మగారికి, మూసేవేళ దాటినా కుర్చీ లాగెయ్యని గ్రంథాలయం మంజునాథ్‌గారికి, తప్పులు దిద్దిన నా భార్య కరుణకు నా కృతజ్ఞతలు.

రేపు మా పాప ప్రతిష్ఠ. అమ్మ నిన్ననే ఊరినుంచి వచ్చింది. "ఏమని మొక్కుకుందాం?" అని కరుణ అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది: "ఏమీ మొక్కొద్దు తల్లీ. కొత్త అయ్యగారు పాపను తిరిగి ఇచ్చేటప్పుడు చేతులు చాపి, బాగా పట్టుకో."